తాను బొమ్మనని తెలిసిన కిరాయి హంతకుడు

గత సంచికలో ఈ శీర్షికలో డెడ్‌పూల్ అనే కిరాయి హంతకుడి అమెరికన్ కామిక్స్ ప్రస్తావన రెండు వాక్యాల్లో వచ్చి వెళ్ళింది. ఆ కాస్తకే చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. కొందరు ఆ పాత్రను మెచ్చుకున్నారు, కొందరు అలాంటి హంతకుడి గురించి రాయడమేమిటని మందలించారు. వాటిలో పదేపదే కనిపించిన ప్రశ్నలను ఏరి, ఈసారి శీర్షిక మొత్తాన్నీ అతనికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: డెడ్‌పూల్ సొంత పాత్ర కాదనీ, వేరే సంస్థ పాత్రకు నకలనీ మా స్నేహితుడు వాదిస్తున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. 1980 డిసెంబరు తేదీతో వచ్చిన న్యూ టీన్ టైటన్స్ రెండో సంచికలో మార్వ్ వుల్ఫ్‌మన్, జార్జ్ పెరెజ్ కలిసి డీసీ అనే కామిక్స్ సంస్థ కోసం డెత్‌స్ట్రోక్ అనే కిరాయి హంతకుణ్ణి సృష్టించారు. అతని అసలు పేరు స్లేడ్ విల్సన్. పదేళ్ళ తర్వాత దాని పోటీదారైన మార్వెల్ సంస్థలో చిత్రకారుడు రాబ్ లైఫెల్డ్ ఒక ముసుగు హంతకుణ్ణి గీశాడు. ఆ బొమ్మ చూడగానే సంభాషణలు రాసే ఫేబియన్ నీసియెజాకు డెత్‌స్ట్రోక్ గుర్తుకొచ్చాడు. పోలికను దాచిపెట్టే బదులు దాన్నే వేళాకోళం చేస్తూ ఈ కొత్తవాడికి వేడ్ విల్సన్ అని పేరు పెట్టాడు. ఆ విధంగా 1991 ఫిబ్రవరి తేదీ వేసిన న్యూ మ్యూటెంట్స్ 98వ సంచికలో డెడ్‌పూల్ తొలిసారి కనిపించాడు.

ఆ ప్రవేశం ఏమంత ఘనంగా జరగలేదు. టాలివర్ అనేవాడు డబ్బిచ్చి కేబుల్ అనే యోధుడి మీదికి పంపితే వచ్చి, కాసేపు అందరినీ ముప్పుతిప్పలు పెట్టి, చివరికి వీపులో కత్తి దిగబడి ఓడిపోతాడు. కేబుల్ అతన్ని పార్సిలు కట్టి పంపినవాడికే తిప్పి పంపిస్తాడు. ముసుగు, కత్తులు, ఇంటిపేరు మాత్రమే డెత్‌స్ట్రోక్ నుంచి వచ్చాయి. స్లేడ్ విల్సన్ పొదుపుగా మాట్లాడతాడు, నవ్వడు. వేడ్ విల్సన్ నోరు మూయడు. ఈ ఒక్క తేడా నుంచే మిగతా పాత్ర అంతా పెరిగింది కాబట్టి, మీ స్నేహితుడి వాదన మొదటి సంచిక వరకు ఒప్పుకోవచ్చు, ఆ తర్వాత చెల్లదు.

ప్రశ్న: తాను ఒక కామిక్ పుస్తకంలో ఉన్నానని డెడ్‌పూల్‌కు తెలుసునని రాశారు. మొదటి నుంచీ అంతేనా? ఒక పాత్రకు ఆ సంగతి తెలియడంలో గొప్పేముంది?

జవాబు: మొదటి నుంచీ కాదు. 1993లో నీసియెజా రచనకు జో మదురేరా బొమ్మలు వేసిన నాలుగు సంచికల కథలో గానీ, 1994లో మార్క్ వెయిడ్ రాసిన మరో నాలుగు సంచికల కథలో గానీ అతను వాగుడుకాయ మాత్రమే. జోకులు వేస్తాడు, కానీ అవి అతని లోకంలోని మనుషుల కోసమే. 1997లో జో కెల్లీ రచన, ఎడ్ మెక్‌గిన్నెస్ బొమ్మలతో అతనికి నెలనెలా వచ్చే సొంత సిరీస్ దక్కింది. దాని అమ్మకాలు అంతంతమాత్రం. ఏ నెలకు ఆ నెల ఆగిపోతుందేమోనన్న పరిస్థితి. ఎలాగూ మూతపడే పుస్తకమే కదా అని పైవాళ్ళెవరూ పట్టించుకోలేదనీ, అందువల్లనే తమకు తోచిందల్లా చేయగలిగామనీ కెల్లీ తర్వాతి కాలంలో చెప్పాడు. అలా ఎవరి అజమాయిషీ లేకుండా గడిచిన ఆ రెండు మూడేళ్ళలోనే ఇప్పుడు మనకు తెలిసిన డెడ్‌పూల్ తయారయ్యాడు.

ఆ సిరీస్‌లో 11వ సంచికను కామిక్స్ మీద ఆసక్తి ఉన్నవారందరూ ఒక్కసారైనా చూడాలి. డెడ్‌పూల్, అతనితో ఉండే బ్లైండ్ ఆల్ అనే అంధురాలైన ముసలామె కాలంలో వెనక్కి జారి, 1967లో నిజంగా అచ్చైన స్పైడర్‌మ్యాన్ సంచికలోకి వెళ్ళి పడతారు. జాన్ రోమిటా ముప్పై ఏళ్ళ కిందట గీసిన గడులను అలాగే ఉంచి, వాటిలోకి పీట్ వుడ్స్ కొత్త బొమ్మలను జొప్పించాడు. డెడ్‌పూల్ పీటర్ పార్కర్ వేషం కట్టి, పార్కర్ పిన్ని వేషంలో ఆల్‌ను వెంటబెట్టుకుని, ఆ పాత కథలోని మనుషుల తలకట్టును, మాటతీరును, అమాయకత్వాన్ని ఆటపట్టిస్తూ తిరుగుతాడు. పాత కథ తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఎగతాళి ఎంత ఉన్నా, ఆ పాత బొమ్మల మీద ప్రేమ లేనివాళ్ళు అంత ఓపికగా ఆ పని చేయలేరు.

అయితే అప్పటికి కూడా తాను పుస్తకంలో ఉన్నానని అతను నోరు విప్పి చెప్పలేదు. 1999లో వచ్చిన 28వ సంచికలో బుల్స్‌ఐ అనే మరో కిరాయి హంతకుడు తారసపడి, మనం కలిసి ఎన్నాళ్ళయిందని అడుగుతాడు. నెలలో ఏళ్ళో చెప్పవలసిన చోట డెడ్‌పూల్ సంచిక నంబరు చెబుతాడు: పదహారు. వాళ్ళిద్దరూ అంతకుముందు కలుసుకున్నది నిజంగా 16వ సంచికలోనే. ఒక్క మాట, దాని మీద వ్యాఖ్యానం లేదు, కథ ముందుకు సాగిపోతుంది. ఆ తర్వాత ఈ సిరీస్‌ను చేపట్టిన క్రిస్టఫర్ ప్రీస్ట్, గెయిల్ సిమోన్ వంటివారు ఆ తలుపును ఇంకా బార్లా తెరిచారు.

ఇక గొప్పేమిటన్న ప్రశ్న. ఈ ఉపాయం కామిక్స్‌లో అతనితో మొదలు కాలేదు. 1982లోనే కీత్ గిఫెన్ సృష్టించిన యాంబుష్ బగ్ ఉన్నాడు. 1989లో జాన్ బర్న్ చేతిలో షీహల్క్ అనే వీరనారి తన రచయితతోనే తగవు పెట్టుకునేది. 1990లో గ్రాంట్ మోరిసన్ రాసిన యానిమల్ మ్యాన్ కథలో నాయకుడు చివరికి తనను రాసే మనిషిని ఎదురుగా కలుసుకుంటాడు. షీహల్క్‌కు ఆ ఎరుక ఒక సౌకర్యం, యానిమల్ మ్యాన్‌కు అది గుండె పగిలే సత్యం. డెడ్‌పూల్ స్థితి వేరు. అతను పాఠకులతో మాట్లాడుతున్నప్పుడు పక్కనున్న పాత్రలకు ఆ మాటలు వినిపిస్తాయి. విని, వీడికి మతి చలించిందని అనుకుంటారు. అంటే ఆ లోకంలో నిజం చెప్పేవాడు అతనొక్కడే, పిచ్చివాడిగా ముద్రపడినవాడూ అతనే. తోలుబొమ్మలాటలో కేతిగాడు కూడా కథ మధ్యలో దూరి చూసేవాళ్ళతో పరాచికాలాడతాడు, కానీ రామరావణ యుద్ధంలో బాణం తగిలేది అతనికి కాదు. డెడ్‌పూల్‌కు ఆ వెసులుబాటు లేదు. కథ బయటికి తొంగిచూస్తూనే కథలోని దెబ్బలన్నీ తినాలి. తన బాధ నెలనెలా అచ్చై అమ్ముడుపోతుందని తెలిసి కూడా తినాలి. నవ్వు వెనక ఈ ఒంటరితనాన్ని గుర్తుపెట్టుకుని రాసిన రచయితల చేతిలోనే ఈ సిరీస్ రాణించింది. మరిచిపోయి రాసినప్పుడు అది కేవలం సినిమా పేర్లు, తిండి పేర్లు వల్లించే అల్లరిగా మిగిలింది.

ప్రశ్న: కొన్ని పేజీల్లో డెడ్‌పూల్ పక్కన పసుపు పెట్టెలు, తెల్ల పెట్టెలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. అవి ఎవరి మాటలు?

జవాబు: 2008లో మొదలై 2012 వరకు 63 సంచికలు నడిచిన డేనియల్ వే సిరీస్‌లోని పద్ధతి అది. డెడ్‌పూల్ తలలోని గొంతుకలకు వే రెండు రకాల పెట్టెలు కేటాయించాడు. అతను పైకి ఒకటి అంటుంటే అవి లోపల మరొకటి అంటాయి. తర్వాత ఒక వార్షిక సంచికలో ఆ తెల్ల పెట్టె నిజానికి మ్యాడ్‌క్యాప్ అనే పాత్ర గొంతని తేల్చారు. కెల్లీ కాలంలో ఈ పెట్టెల గొడవ లేదు కాబట్టి, పాత సంచికల్లో వాటి కోసం వెతకవద్దు. నా మటుకు నాకు, గొంతులకు కారణం చెప్పకుండా వదిలేసి ఉంటేనే బాగుండేదని అనిపిస్తుంది.

ప్రశ్న: డబ్బు తీసుకుని మనుషుల్ని చంపేవాడు ఇతను. అలాంటివాణ్ణి నాయకుడిగా నిలబెట్టి నవ్వుకోమంటే ఎలా? పిల్లలకు ఏం నేర్పుతున్నట్టు?

జవాబు: ఈ ఉత్తరం రాసిన పాఠకురాలి కోపంలో న్యాయముంది, కాకపోతే అదే ప్రశ్నను ఈ సిరీస్ తనకు తానే వేసుకుందన్న సంగతి కూడా ఆమె ముందు పెట్టాలి.

కెల్లీ సిరీస్ తొలి సంచికల్లో బ్లైండ్ ఆల్ మనకు చాలా నచ్చుతుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటారు, ఒకరి మీద ఒకరు చిలిపి పనులు చేసుకుంటారు, ఒకే ఇంట్లో ఉంటారు. చదివేవాళ్ళు హాయిగా నవ్వుకుంటారు. నెమ్మదిగా తెలిసేదేమిటంటే ఆమె అతని స్నేహితురాలు కాదు, బందీ. తప్పించుకోలేదు, బయటివాళ్ళను కలవడానికి వీల్లేదు. ఆమెను చూడడానికి వీజెల్ అనే స్నేహితుడు రహస్యంగా వచ్చిపోతున్నాడని తెలిసిన రోజున డెడ్‌పూల్ ఇద్దరినీ పదునైన వస్తువులతో నిండిన చీకటి గదిలో వేసి తాళం పెడతాడు. అంతకుముందు పది పన్నెండు సంచికలుగా మనం ఎవరిని చూసి నవ్వుతున్నామో అప్పుడు తెలిసివస్తుంది. పాఠకుణ్ణి ముందు నవ్వించి, తర్వాత ఆ నవ్వుకు సంజాయిషీ అడగడం కెల్లీ చేసిన పని. హంతకుణ్ణి ముద్దుచేయడం అంటే ఇది కాదు.

అతని గతం కూడా ముద్దు చేయదగినది కాదు. కేన్సర్‌తో చావుకు దగ్గరైన వేడ్ విల్సన్ వెపన్ ఎక్స్ అనే రహస్య పథకంలో చేరతాడు. గాయాలు వాటంతటవే మానే శక్తిని వుల్వరిన్ అనే మార్వెల్ వీరుడి నుంచి తీసి అతనికి ఎక్కించాలని అక్కడివాళ్ళ ప్రయత్నం. అది సరిగా కుదరకపోవడంతో అతన్ని కిల్‌బ్రూ అనే డాక్టరు నడిపే చోట పడేస్తారు. పైకి అది ఆసుపత్రి, లోపల మనుషుల మీద ప్రయోగాల శాల. అక్కడి రోగులు ముందు ఎవరు చస్తారో పందాలు కాసుకునేవారు, ఇంగ్లీషులో డెడ్‌పూల్ అనే ఆ పందెం పేరే అతని పేరైంది. ఈ కథంతా 1998 వార్షిక సంచికలో ఉంది. శక్తి చివరికి పనిచేసింది గానీ శరీరాన్నీ కేన్సర్‌నూ కలిపి బతికించింది. ముసుగు కింద ఆ మచ్చల ముఖం అందుకే.

ఇది కూడా స్థిరమైన కథ కాదు. 1999లో తన చివరి సంచికలో కెల్లీ ఇంకొక మెలిక పెట్టాడు. టీరే అనే శత్రువు వచ్చి, అసలైన వేడ్ విల్సన్‌ను నేనే, నువ్వు నా భార్యను చంపి నా పేరు దొంగిలించావు అంటాడు. ఆ మాట అబద్ధమని గట్టిగా చెప్పేంత జ్ఞాపకం డెడ్‌పూల్‌కు లేదు. బుల్స్‌ఐని ఏ సంచికలో కలిశాడో చెప్పగలిగినవాడు తన పెళ్ళి జరిగిందో లేదో చెప్పలేడు. పుస్తకంలో అచ్చైనంత వరకే అతని జీవితం, అచ్చు కానిదంతా ఖాళీ. ఈ పాత్ర గురించి వచ్చిన ఆలోచనల్లో నాకు అన్నిటికంటే లోతుగా తోచినది ఇదే.

2013లో జెరీ డగ్గన్, బ్రయన్ పొసేన్ రాసిన సిరీస్‌లో 15 నుంచి 19 వరకు నడిచిన కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అప్పటివరకు ఈ ఇద్దరు రచయితలు అమెరికా పాత అధ్యక్షులు శవాలుగా లేచి వచ్చే ప్రహసనాలు రాస్తున్నారు. ఉన్నట్టుండి డెక్లన్ షాల్వీ బొమ్మలతో వాతావరణం మారిపోతుంది. ఎవరో ఏళ్ళ తరబడి డెడ్‌పూల్‌కు మత్తిచ్చి, అతని శరీర భాగాలను కోసుకుని, ఆ సంగతి జ్ఞాపకం లేకుండా చేస్తున్నారని బయటపడుతుంది. వాటితో ఉత్తర కొరియాలోని ఒక నిర్బంధ శిబిరంలో అమాయకుల మీద ప్రయోగాలు జరుగుతుంటాయి. తనకో కూతురు ఉందనీ, ఆ పిల్ల తల్లిని అక్కడే పెట్టారనీ తెలిసి, కెప్టెన్ అమెరికా, వుల్వరిన్‌లతో కలిసి వెళ్ళేసరికి తల్లి చనిపోయి ఉంటుంది. కూతురు కూడా పోయిందనే అతను అనుకుంటాడు. ఆ పేజీల్లో పాఠకులతో పరాచికాలు లేవు. ఎప్పుడూ ఆగని నోరు ఆగడమే ఆ కథ బలం. అతని ప్రేలాపన విసుగు పుట్టిస్తుందని తోసిపుచ్చినవాళ్ళు కూడా ఈ అయిదు సంచికలు చదివాక మాట మార్చుకోవడం నేను చూశాను.

పిల్లల సంగతికి వస్తే, ఈ పుస్తకాలు పిల్లల కోసం రాసినవి కావు. ఎర్ర దుస్తులు, తమాషా మాటలు చూసి చిన్నపిల్లల చేతిలో పెట్టవద్దు. నెత్తురు, బూతు జోకులు ప్రధాన సిరీస్‌లోనే చాలా ఉన్నాయి. 2010లో డేవిడ్ లాఫమ్ రచన, కైల్ బేకర్ బొమ్మలతో మొదలైన డెడ్‌పూల్ మ్యాక్స్ సిరీస్ అయితే పెద్దవాళ్ళలోనూ గట్టి గుండె ఉన్నవారికే.

ప్రశ్న: సినిమాలు మూడూ చూశాను. కామిక్స్‌లో కొత్తగా ఏముంటుంది?

జవాబు: తెర మీద డెడ్‌పూల్ కెమెరా వైపు చూసి మాట్లాడగలడు, అంతవరకే. పుస్తకంలో అతనికి సంచిక నంబరు ఉంది, కిందటి పేజీ ఉంది, తన పసుపు మాటల బుడగలు ఉన్నాయి, ముప్పై ఏళ్ళ నాటి అచ్చుబొమ్మలు ఉన్నాయి. 2004 నుంచి 50 సంచికలు నడిచిన కేబుల్ అండ్ డెడ్‌పూల్ సిరీస్‌లో గతకథ చెప్పే పేజీ కూడా పాత్రల కబుర్లకు వేదికైంది. ఆ అవకాశాలు సినిమాకు లేవు.

సినిమా అభిమానిగా మీకు నచ్చే ముచ్చట ఒకటి చెబుతాను. అదే సిరీస్ రెండో సంచికలో, 2004లోనే, తన ముఖం ఎలా ఉంటుందో చెబుతూ డెడ్‌పూల్ సినిమా నటుడు ర్యాన్ రెనాల్డ్స్‌ను, ముడతల చర్మం ఉండే షార్‌పే జాతి కుక్కను కలిపితే వచ్చే రూపమని అంటాడు. రాసినవాడు మళ్ళీ నీసియెజాయే. 2009లో వుల్వరిన్ సినిమాలో రెనాల్డ్స్ నిజంగానే ఆ పాత్ర వేశాడు. అయితే ఆ సినిమావాళ్ళు చివర్లో డెడ్‌పూల్ నోరు కుట్టేశారు. ఈ పాత్రకు చేయగల అన్యాయాల్లో అంతకు మించినది ఊహించలేము. 2016లో టిమ్ మిల్లర్ దర్శకత్వంలో వచ్చిన సినిమా దానికి పరిహారం.

ప్రశ్న: అతనికి చావు లేదా? ప్రాణభయం లేని నాయకుడి కథలో ఉత్కంఠ ఎలా నిలుస్తుంది?

జవాబు: గాయాలు మానే శక్తి చాలదన్నట్టు, 2002లో థానోస్ అనే మార్వెల్ ప్రతినాయకుడు అతనికి చావు లేకుండా శాపం పెట్టాడు. కారణం ఈర్ష్య. మృత్యుదేవతను థానోస్ ప్రేమిస్తాడు, ఆమె డెడ్‌పూల్ వైపు మొగ్గింది. చస్తే ఆమెను చేరుకుంటాడు కాబట్టి చావనివ్వలేదు. కాబట్టి ఇతను బతుకుతాడా అన్నది ఈ కథల్లో ప్రశ్న కాదు. ఇతని పక్కనున్నవాళ్ళు బతుకుతారా, ఇతను మాట నిలబెట్టుకుంటాడా అన్నవే ప్రశ్నలు. మంచి రచయితలు వాటినే పట్టుకున్నారు.

2012లో కలెన్ బన్ ఇదే ఆలోచనను తలకిందులు చేసి నాలుగు సంచికల కథ రాశాడు. అందరూ కల్పిత పాత్రలేనని గట్టిగా నమ్మిన డెడ్‌పూల్, ఈ బాధ నుంచి వాళ్ళను విడిపించాలని మార్వెల్ వీరులందరినీ వరసగా చంపుతాడు. చివరికి తమను రాసేవాళ్ళ గది దాకా వెళ్ళి, పాఠకుడి వైపు కూడా తిరుగుతాడు. మరుసటి ఏడు అదే రచయిత అతన్ని మోబీ డిక్, డాన్ క్విక్సోట్, షెర్లాక్ హోమ్స్‌ల లోకానికి పంపి, వీరుల మూలరూపాలనే చంపించాలని చూశాడు. మొదటిది భయపెడుతుంది. రెండోది తెలివైన ఆటగానే మిగిలింది.

ప్రశ్న: ఇన్ని సిరీస్‌లలో ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 1991 సంచికతో మాత్రం మొదలుపెట్టవద్దు. అందులో ఉన్నది ఇంకా తయారుకాని మనిషి. 1997 సిరీస్ మొదటి సంచిక నుంచి కెల్లీ రచన ముగిసే 33వ సంచిక వరకు చదవండి. తొలి రెండు మూడు సంచికల్లో తొంభయ్యో దశకపు బొమ్మల ధోరణి కాస్త ఇబ్బంది పెట్టవచ్చు, ఓర్చుకోండి. తర్వాత కేబుల్ అండ్ డెడ్‌పూల్ పట్టుకోండి. లోకాన్ని బాగుచేస్తానని బయల్దేరిన గంభీరుడు ఒకడు, దేన్నీ లెక్కచేయని వాగుడుకాయ ఒకడు. ఈ జంటతో నీసియెజా తన పాత్రను తానే మళ్ళీ కొత్తగా కనుక్కున్నాడు. ఆ తర్వాత డగ్గన్, పొసేన్‌ల సిరీస్. 2009, 2010 ప్రాంతంలో డెడ్‌పూల్ పేరుతో ఒకేసారి నాలుగైదు పుస్తకాలు వస్తుండేవి. వాటిలో ఒకటి రెండు చూస్తే చాలు. కెల్లీ, మెక్‌గిన్నెస్ ఇద్దరూ 2016లో మళ్ళీ కలిసి స్పైడర్‌మ్యాన్‌తో జతకట్టించి రాసిన సిరీస్‌ను మాత్రం 1997 నాటి 11వ సంచిక చదివిన తర్వాతే తెరవండి.